పామ్లికో సౌండ్‌ను తెలుగులో ఏమనాలి?

సందేహం: మా అమ్మాయి అమెరికాలో, నార్త్ కరొలైనాలో ఉంటోంది. అక్కడి తుఫాను వార్తను ఫోన్‌లో తెలుగులోకి మార్చుకుని చదివితే ‘పామ్లికో ధ్వనిలో నీటిమట్టం పెరిగింది’ అని వచ్చింది. ధ్వనిలో నీళ్లేమిటి? దాన్ని జలసంధి అనవచ్చా?
– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ధ్వని అనడం పూర్తిగా తప్పు. చప్పుడు అనే అర్థమున్న సౌండ్ లాటిన్ నుంచి వచ్చింది. నీటికి వాడే సౌండ్ వేరు. అది ఉత్తర యూరప్ వాళ్ల ‘సుండ్’. ఈదడం, ఇరుకైన నీటిపాయ అని దాని అర్థాలు. ఉచ్చారణ ఒకటైపోయింది గానీ రెండూ వేరు వేరు మాటలు. మన కారుచీకటిలోని ‘కారు’కూ రోడ్డు మీది కారుకూ చుట్టరికం లేనట్టే.

జలసంధి అనవచ్చా అన్నది మంచి ప్రశ్న. డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య ఉన్న ఓరెసుండ్ పేరులో ఉన్నదీ ఈ సుండే. అది నిజంగా జలసంధి, మన పాక్ జలసంధి లాంటిదే. పామ్లికో అలా కాదు. సుమారు 130 కిలోమీటర్ల పొడవున్న నీళ్లు, లోతు తక్కువ. పడమట నేల. అటునుంచి న్యూస్, పామ్లికో నదుల మంచినీళ్లు వచ్చి పడతాయి. తూర్పున సన్నని ఇసుక దీవుల వరస, దాని అవతల అట్లాంటిక్. 1524లో వెరజానో అనే నావికుడు ఓడ మీంచి ఆ ఇసుక మీదుగా ఇవతలి నీళ్లు చూసి, పసిఫిక్ మహాసముద్రమే కనిపించిందనుకున్నాడు!

ఇలాంటి నీళ్లు మనకు కొత్తేమీ కాదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లేటప్పుడు రోడ్డుకు రెండు పక్కలా పరుచుకుని ఉంటుందే, ఆ పులికాట్ సరస్సు అచ్చంగా ఈ జాతిదే. దానికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగా పడుకున్న దీవే శ్రీహరికోట. పులికాట్‌కు ప్రళయకావేరి అని ఎంత చక్కని పేరుందో! కాబట్టి పామ్లికోను వర్ణించేటప్పుడు ‘ఉప్పునీటి సరస్సు’ అనండి. పాఠ్యపుస్తకాల్లో ‘లాగూన్’ అని ఉంటుంది, అదీ సరే. ఆ ఇసుక దీవులను ‘అవరోధ దీవులు’ అంటున్నారు. నాకైతే ‘అడ్డుదీవులు’ అంటే చాలనిపిస్తుంది. వినగానే బొమ్మ కళ్లముందు కడుతుంది.

దీవుల మధ్య గండి పడి సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే చోటును అక్కడ ‘ఇన్‌లెట్’ అంటారు. దీనికి కొత్త మాట పుట్టించనక్కర్లేదు. మన కోస్తా మత్స్యకారులు నోరారా అనే ‘మొగ’ ఉంది. ‘మొగ పూడిపోయింది, పడవలు కదలడం లేదు’ అంటారు. పామ్లికోకు దారినిచ్చే ఆరెగాన్ ఇన్‌లెట్ 1846 తుఫానులో ఇసుక తెగి ఏర్పడింది. ‘ఆ తుఫానుకు కొత్త మొగ పడింది’ అని రాస్తే మన తీరం వాళ్లకు ఒక్క ముక్క విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇంత మంచి మాట నిఘంటువుల్లోనే కాదు, పత్రికల్లోనూ విరివిగా కనిపించాలని నా కోరిక.

ఇక పేరు సంగతి. పేరులోని సౌండ్‌ను మాత్రం అనువదించకండి. హుస్సేన్‌సాగర్ పేరులో సాగరం ఉన్నంత మాత్రాన దాన్ని సముద్రమని ఎవరూ రాయరు కదా. పైగా న్యూజిలాండ్‌లోని మిల్‌ఫర్డ్ సౌండ్‌ను హిమానీనదం తొలిచింది, దాని రెండు పక్కలా నిలువు కొండలు. ఆ పేరులోనూ సౌండ్ ఉంది, అక్కడ ఇసుక దీవుల ఊసే లేదు. అందుకని ఒక్క తెలుగు మాట అన్నిటికీ అతకదు. మీరు చదివిన వాక్యం ఇలా ఉండాల్సింది: ‘పామ్లికో సౌండ్ అనే ఉప్పునీటి సరస్సులో నీటిమట్టం పెరిగింది.’