ముందు కాటా సంగతి చూడు

అమ్మలూ,

విడవలూరు రోడ్డులో రొయ్యల పొట్టు షెడ్డు పెడుతున్నావనీ, నలభై మంది ఆడవాళ్ళకు పని చూపిస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఇన్నాళ్ళూ పొట్టు తీసినోళ్ళే గానీ షెడ్డు పెట్టినోళ్ళు లేరు. వినగానే ఛాతీ ఉప్పొంగింది, ఆ వెనకే దడ కూడా పట్టుకుంది. పనోళ్ళు సంతోషంగా ఉండాలని హైదరాబాదు నుంచి ఎవరినో పిలిపించి క్లాసు చెప్పిస్తావంట, గోడల మీద మంచి మాటలు రాయిస్తావంట! ఆ డబ్బు దాచుకో. పొద్దున్నించీ ఐసులో చేతులు పెట్టి తలొంచుకుని నిలబడేవాళ్ళకు గోడ ఎక్కడ కనపడతాది?

కాయితాల పనులు నీకు తెలిసినవే. ఇరవై మంది, ఆ పైన ఉంటే పీఎఫ్. పది మంది, ఆ పైన ఉంటే ఈఎస్ఐ, అందులో నీ వాటా 3.25 శాతం, వాళ్ళది 0.75. లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ప్రకారం కమిటీ వెయ్యాలి, దానికి ఆడమనిషే పెద్దగా ఉండాలి. జీతాలు ఏడో తేదీ దాటకూడదు. ఇవన్నీ చేసి తీరాల్సినవి గనక వీటికి మెచ్చుకోళ్ళు ఆశించబాక.

నా భయమంతా కాటా దగ్గర. మన వైపు షెడ్లు పాడైపోయేది అక్కడే. ఖాళీ ట్రే 1.8 కిలోలు తూగుతుంటే, లెక్క సులువని మొత్తం తూకంలో 2 కిలోలు తీసేస్తారు. ఒక మనిషి రోజుకు పదిసార్లు తూకానికి వస్తే రెండు కిలోల కష్టం గాలికి పోయినట్టే. దాని మీద నీళ్ళ తరుగని ఇంకో కోత. ఇదంతా వాళ్ళకు తెలియదనుకుంటారు ఓనర్లు. వాళ్ళకు చేతి బరువు తెలుసు తల్లీ, ట్రే ఎత్తగానే ఎంతుందో చెప్పేస్తారు. పైకి అడగరు, అంతే. అడగనోళ్ళు రొయ్య వీపులోని నల్ల నరం సగం తీసి వదిలేస్తారు, పక్క షెడ్డోడు పిలవగానే చెప్పకుండా పోతారు. అప్పుడు ఓనరు కూర్చుని ఈ కాలం ఆడోళ్ళకు విశ్వాసం లేదని వాపోతాడు.

నువ్వు ఇట్టా చెయ్యి. రెండు పక్కలా అంకెలు కనపడే కాటా కొను. తూనికలు కొలతల వాళ్ళ ముద్ర ఏడాదికోసారి వేయించు. ఖాళీ ట్రే పెట్టి, వాళ్ళ కళ్ళ ముందే సున్నా చేసి, అప్పుడు మాంసం పోయమను. చిల్లుల ట్రేలో రెండు నిమిషాలు నీళ్ళు ఓడనిస్తే తరుగనే మాటే ఉండదు. అంకె పైకి చదివి, నీ పుస్తకంలో ఒకటి, ఆమె చీటీలో ఒకటి రాయించు. ఐదు కిలోల రాయి ఒకటి కాటా పక్కనే పడేసి ఉంచు, అనుమానం వచ్చినోళ్ళు ఎవరైనా పెట్టి చూసుకోవచ్చు.

తూకం సరిచేసినా రేటు తప్పితే మళ్ళీ మొదటికే వస్తావు. 30 కౌంటు రొయ్య కిలోకు ముప్పై తూగితే, 90 కౌంటు తొంభై. మూడింతలు చేతులాడాలి. రెంటికీ కిలోకు ఒకే రేటు పెడితే పెద్ద రొయ్య ఎవరి బల్లకొస్తాదా అని తెల్లారుజామునే తగువు మొదలవుద్ది. మేస్త్రీ మరదలికి ముప్పై, నోరులేని దానికి తొంభై. అందుకని కౌంటు వారీగా రేటు కట్టు. మధ్యరకం వేగమున్న ముగ్గుర్ని ఎంచుకుని ఒక్కో కౌంటూ గంటసేపు తీయించు. అందరికన్నా చురుకైనదాన్ని పెట్టావా, మిగతా ముప్పై తొమ్మిది మందికీ అన్యాయం చేసినట్టే. పొద్దున్నే ఐసుకు వేళ్ళు కొంకర్లు పోతాయి, కాబట్టి మొదటి గంట లెక్కలోకి తీసుకోబాక. ఏ కౌంటు తీసినా గంటకొచ్చే కూలి ఇంచుమించు సమానంగా ఉండేట్టు రేటు వెయ్యి. మెత్తపడిన లోడు వచ్చిందంటే ముక్కలవడం రొయ్య తప్పు, వాళ్ళది కాదు. ఆ రోజు ముక్కలకు కోత వద్దు.

ఇక మరుగుదొడ్లు. ఏప్రాను విప్పి, బూట్లు మార్చి, వచ్చాక చేతులు కడిగి, మళ్ళీ అన్నీ తగిలించుకునేసరికి పది నిమిషాలు పడతాది. ఆ పది నిమిషాలకు కూలి పోతాదని, మేస్త్రీ ఏమంటాడోనని మంచినీళ్ళే తాగరు. మూత్రంలో మంటతో జ్వరాలు తెచ్చుకుంటారు. నలభై మందికి మూడు దొడ్లు కట్టించు. లోపల గడియ, ఒక కొక్కెం, మూత ఉన్న డబ్బా తప్పకుండా ఉండాలి. ఎవరు ఎన్నిసార్లు పోతున్నారో లెక్కపెట్టే పుస్తకం మాత్రం నీ షెడ్డులో కనపడకూడదు.

మీ అమ్మమ్మ వేళ్ళు గుర్తున్నాయా? చీలికల్లో కారం మండుతాదని అన్నం స్పూనుతో కలుపుకునేది. చేతులు ముంచే నీళ్ళలో క్లోరిన్ 20 పీపీఎం, అంటే లీటరుకు 20 మిల్లీగ్రాములు చాలు. 5 శాతం హైపో (క్లోరిన్ ద్రావణం) అయితే 50 లీటర్ల తొట్టికి 20 మిల్లీలీటర్లే. కొలత లేకుండా మగ్గుతో పోస్తే తోలు ఊడొస్తాది. చేతికి సరిపోయే గ్లవ్స్ రెండు సైజుల్లో తెప్పించు, చిరిగితే అడగకుండానే మార్చు. రెండు గంటలకోసారి పది నిమిషాలు ఆపి, గోరువెచ్చని నీళ్ళు పెట్టు. బల్ల మోచేతి ఎత్తుకు రావాలి, పొట్టివాళ్ళకు కాళ్ళ కింద చెక్క వెయ్యి.

రొయ్యల గుంట పట్టుబడి ఎప్పుడు తేలుతాదో నీ చేతిలో లేదు, నిజమే. లోడు ఉందో లేదో సాయంత్రం ఏడింటికల్లా చెప్పెయ్యి. పిలిచాక లోడు రాకపోతే సగం కూలి ఇచ్చి పంపు. ఇది నీకు బరువే. కానీ ఉత్త చేతులతో ఇంటికి పోయిన ఆడమనిషి ఆ రాత్రి ఇంట్లో ఎన్ని మాటలు పడతాదో నీకు నేను చెప్పాలా? రొట్టెల పండగ, జొన్నవాడ తిరునాళ్ళు, నాట్ల రోజులు ముందే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకో. ఆ రోజుల్లో సెలవడిగితే మొహం చిట్లించబాక.

తప్పు చేసినామెను బల్ల దగ్గర అరవొద్దు. నీ నోరు సంగతి నాకు తెలుసు, అమ్మ పోలికే నీది. పక్కకు పిలిచి ఆ ట్రే చూపించి చెప్పు. బాగా చేసినప్పుడు మాత్రం అందరూ వినేట్టు చెప్పు, ఏం బాగుందో కూడా చెప్పు: "నరం ఒక్కటి కూడా మిగల్లేదు, తోక విరగలేదు" అని. ఊరికే శభాష్ అంటే ఎవరికీ ఎక్కదు.

చివరిది రాసేటప్పుడు చెయ్యి వణుకుతా ఉండాది. తెల్లారుజామున మంచులో, ముగ్గురు పట్టే ఆటోలో పన్నెండు మందిని కుక్కి, డ్రైవరు పక్కన ఇద్దర్ని వేలాడదీసుకుని హైవే మీదకెక్కే బళ్ళు నువ్వూ చూసేవుంటావు. ట్రిప్పుకు డబ్బులిస్తే డ్రైవరు అట్టానే తోల్తాడు. నెల కిరాయికి వ్యాను మాట్లాడు. సీటుకు ఒకరు, అంతకుమించి ఒక్కరిని కూడా ఎక్కించొద్దు. రెండు ట్రిప్పులు కావాలంటే రెండో బ్యాచికి పని గంట ఆలస్యంగా మొదలుపెట్టు. ఖర్చు చూసి వెనకాడితే ఆ క్లాసు డబ్బులు ఉన్నాయిగా, ఇటు తిప్పు. వ్యాను కుదిరాకే ముహూర్తం పెట్టుకో. కిరాయి ఎంత అడిగారో నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతా.

ఆశీస్సులతో,
మీ మామయ్య