ఇంట్లో, వీధిలో రోజూ కనిపించే వాటితోనే ధ్యానంలా ఫొటోలు తీయడం ఎలా? కొత్త కెమెరా కొనాలా?

కెమెరా సంగతి చివర్లో చెప్తాను. ప్రశ్న కింద మీరు రాసిన వివరణలో ఒక మాట దగ్గర ఆగిపోయాను: "ఇంట్లో తీయదగ్గది ఏదీ కనిపించట్లేదు, తీసినా మామూలు ఫొటోలే వస్తున్నాయి" అన్నారు. కనిపించకపోవడమనేది ఉండదు. రోజుకి పదిసార్లు కనిపిస్తుంది. కనిపించాక బటన్ నొక్కేలోపు నాలుగైదు సెకన్లు ఉంటాయి చూడండి, అక్కడ పాడవుతుంది. నూటికి తొంభై ఫొటోలు చెడేది అక్కడే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక తెల్లగోడ, దాని పక్కన నీలం ప్లాస్టిక్ బకెట్ ఉన్నాయనుకోండి. కిటికీలోంచి ఎండ సరిగ్గా బకెట్ మీద పడుతోంది. ఏదో పని మీద అటు వెళ్తున్న మనిషి చటుక్కున ఆగుతాడు. ఎందుకు ఆగాడో ఆ క్షణానికి తెలీదు. ఆ వెంటనే బుర్ర పేరు పెట్టేస్తుంది: బకెట్. ఇక సర్దుడు మొదలు. బకెట్ మొత్తం పడాలని రెండడుగులు వెనక్కి జరుగుతాడు. అడ్డంగా ఉందని మగ్గు పక్కకి పెడతాడు. వెలుగు ఎక్కడ్నుంచి వస్తోందో చూసేవాళ్ళకి తెలియాలి కదా అని కిటికీని కూడా ఫ్రేములోకి తెస్తాడు. తీరా చూస్తే స్నానాలగది ఫొటో ఒకటి వస్తుంది. అందులో ఏమీ ఉండదు.

అతన్ని ఆపింది బకెట్ కాదు. ఎండ బకెట్‌కి తగిలి, దాని రంగు పూసుకుని, పక్కనున్న గోడ మీదకి ఎగిరిన లేత నీలి ఛాయ. జానెడు ఎత్తు ఉంటుంది. కింద చిక్కగా మొదలై, పైకి పోయేకొద్దీ పలచబడి, ఎక్కడ ఆగిందో చెప్పలేనట్టు తెలుపులో కలిసిపోతుంది. ఫొటో అంటే అది. ఆ ఛాయ, దానిపైన కాస్త తెలుపు, కింద బకెట్ అంచు ఒక గీతలా. అంతకు మించి ఏం చేర్చినా అది అతను చూసింది కాదు, తర్వాత ఆలోచించుకున్నది.

మరి ఆపింది ఏదో తెలుసుకోవడం ఎలా? ఆగిన చోటే నిలబడండి. అడుగు ముందుకీ వెనక్కీ వద్దు. కెమెరా జేబులోనే ఉండనివ్వండి. మూడు సెకన్లు కళ్ళు మూసుకోండి. లోపల ఏది మిగిలిందో చూసుకోండి. గది మొత్తం మిగలదు, ఒక ముక్కే మిగులుతుంది. కళ్ళు తెరిచి ఆ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో నాలుగు వైపులా చూపుతో తడమండి. ఆ నాలుగు హద్దులే ఫ్రేము అంచులు. ఈలోగా వెలుగు పోతుందేమోనని కంగారు పడక్కర్లేదు. కిటికీకి 3 మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద ఎండ పట్టీ నిమిషానికి ఇంచుమించు 1 సెంటీమీటరు మాత్రమే జరుగుతుంది. మబ్బు అడ్డొస్తే తప్ప మీకు బోలెడు టైమ్ ఉంది.

ఇప్పుడు ఆ నీలి ఛాయని కెమెరా మూడు రకాలుగా చెడగొడుతుంది. మొదటిది ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా రావాలని కెమెరా తనంతట తానే రంగులు సరిచేయడం. ఫ్రేములో ఎక్కువ భాగం లేత నీలమే ఉంటే అది పొరపాటు రంగు అనుకుని పసుపు వైపు లాగేస్తుంది. గోడ తెల్లగా వస్తుంది, మీరు ఆగిన కారణం మాయమవుతుంది. అందుకే వైట్ బ్యాలెన్స్‌ని డేలైట్ దగ్గర, అంటే 5200 నుంచి 5500 కెల్విన్ (వెలుగు రంగుని కొలిచే అంకె) మధ్య, కట్టిపడేయండి. నీడ నీలంగా, సాయంత్రం బంగారంగా, బల్బు వెలుగు నారింజగా, ఉన్నది ఉన్నట్టు వస్తాయి. ఫోన్లో ప్రో మోడ్ ఉంటే అందులో దొరుకుతుంది, లేకపోతే రా ఫార్మాట్‌లో (కెమెరా సర్దుబాట్లు కలపకుండా దాచే ఫైలు) తీసి తర్వాత అదే అంకె పెట్టుకోవచ్చు.

రెండోది ఎక్స్‌పోజర్, అంటే ఫొటో ఎంత వెలుగుగా రావాలన్నది. కెమెరాలో వెలుగుని కొలిచే మీటరు దేన్ని చూసినా నడిమి బూడిదరంగు చేయాలనే చూస్తుంది. ఫ్రేము నిండా తెల్లగోడ ఉంటే అది మాసిపోయినట్టు వస్తుంది, ఎక్స్‌పోజర్‌ని హెచ్చుతగ్గులు చేసే +/- సెట్టింగులో +0.7 నుంచి +1 దాకా పెంచండి. చీకటి గదిలో చిన్న వెలుగు మరక ఉంటే దీనికి పూర్తిగా తిరగబడుతుంది. మీటరు చీకటిని వెలిగించబోయి మరకని వివరాలేవీ లేని తెలుపుగా పేల్చేస్తుంది. అప్పుడు -1 నుంచి -2. ఫోన్లో అయితే వెలుగు మరక మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి జరపండి.

మూడోది హెచ్‌డీఆర్. దీని మీద నాకు పెద్ద ఫిర్యాదే ఉంది. ఇప్పుడొస్తున్న చాలా ఫోన్లు అడగకుండానే నాలుగైదు ఫొటోలు కలిపి, నీడల్ని పైకి లేపి, వెలుగుల్ని కిందికి తొక్కి, అన్నీ సమానం చేస్తాయి. నీడ నీడగా ఉండటం ఏదో లోపమన్నట్టు. మనం చేసే పనికి నీడే సగం సరుకు. సెట్టింగుల్లో ఆపగలిగితే ఆపేయండి, ఆపే వీలు లేని ఫోనైతే రా ఒక్కటే దారి.

ఇంకో చిక్కు కంటికీ లెన్స్‌కీ ఉన్న తేడాలో ఉంది. మన కన్ను నిజంగా పదునుగా చూసేది 2 డిగ్రీల మేరే, చెయ్యి చాచి పట్టుకున్న బొటనవేలి వెడల్పంత. మిగతాదంతా మసకే. కన్ను అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి మనకా సంగతి తెలీదు. ఫోన్ ప్రధాన లెన్స్ అయితే సుమారు 70 డిగ్రీల మేర ఉన్నదంతా ఒకే పదునుతో పట్టేస్తుంది. నిండు చందమామ అర డిగ్రీ ఉంటుంది, ఆ ఫొటోలో వెడల్పుకి 150వ వంతు కూడా రాదు. "కంటికి అంత పెద్దగా కనిపించింది, ఫొటోలో చుక్కయిపోయింది" అనే గోలంతా ఇదే. గేటు మీద ఎర్ర తాళం ఒక్కటే మనసంతా నిండుతుంది, ఫొటోలో గేటు నిండుతుంది. దీనికి మందు 2ఎక్స్ జూమ్ పెట్టుకోవడం, అప్పుడు దాదాపు 40 డిగ్రీలకి వస్తుంది. లేదా దగ్గరికి నడవడం. నడిచేటప్పుడు మాత్రం చూపు కోణం మారకుండా, చూసిన గీత మీదే తిన్నగా వెళ్ళండి. పక్కకి జరిగితే అది వేరే ఫొటో అయిపోతుంది. ఫోన్‌ని గుండెల దగ్గర పట్టుకుని తీసేవాళ్ళు ఈ తప్పు తెలీకుండానే చేస్తారు. కన్ను ఉన్న ఎత్తు వేరు, లెన్స్ ఉన్న ఎత్తు వేరు. లెన్స్‌ని కన్ను ఉన్న చోటికే తీసుకురండి.

చిన్న చిన్నవి గబగబా చెప్పేస్తాను. లెన్స్ మీద వేలిముద్ర ఉంటే వెలుగు చుట్టూ పొగమంచులా వస్తుంది, మెత్తటి గుడ్డతో ముందే తుడవండి. గోడలూ పలకలూ తీసేటప్పుడు గ్రిడ్ గీతలు పెట్టుకుని ఫోన్‌ని గోడకి సమాంతరంగా పట్టండి, లేకపోతే గీతలు ఒరిగిపోయి చూపు అక్కడే చిక్కుకుంటుంది. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఊపిరి వదిలాక నొక్కండి. బాగా దగ్గరికి వెళ్తే కొన్ని ఫోన్లు చెప్పకుండా అల్ట్రావైడ్ (ఎక్కువ వెడల్పు పట్టే) లెన్స్‌కి మారిపోతాయి, దాంతో ఆకారాలు సాగుతాయి. ఆ ఆటో మ్యాక్రో ఆపేయండి.

సాధన విషయానికొస్తే రోజుకి 20 నిమిషాలు చాలు. అరగంట దాటితే కన్ను చూడటం మానేసి వేటాడటం మొదలుపెడుతుంది. మొదటి మూడు నిమిషాలు ఊరికే నిలబడండి. తర్వాత మీ మామూలు నడకలో సగం వేగంతో నడవండి. ఒక్కో చూపుకి ఒకే ఫొటో, మొత్తం మీద 12 దాటొద్దు. పన్నెండుకి పన్నెండూ తీయాలనేం లేదు, ఒక్కటీ తీయకుండా తిరిగొచ్చిన రోజు కూడా సాధన జరిగినట్టే. మొదటి వారం రంగు ఒక్కటే. ఎర్రటివి వెతుకుదాం అని బయల్దేరకండి, వెతికితే ఎర్రటి వస్తువులు దొరుకుతాయి, ఎరుపు దొరకదు. రంగు మిమ్మల్ని ఆపేదాకా నడవండి. తర్వాతి వారాల్లో వెలుగు, ఉపరితలాల గరుకూ నునుపూ, వరసలూ గళ్ళూ, ఆఖరున ఖాళీ జాగా. ఖాళీ జాగా అన్నిటికన్నా కష్టం, ఫ్రేములో ఏదో ఒకటి ఉండాలనే అలవాటు ఓ పట్టాన పోదు.

తీసిన వెంటనే స్క్రీన్ చూడటం మానండి. ఈ సమాధానంలో ఇంకేదీ పాటించకపోయినా ఇదొక్కటి పాటించండి. చూడగానే మార్కులు వేయడం మొదలవుతుంది, ఆ తర్వాత తీసేదంతా ఆ మార్కుల కోసమే. కెమెరాలో ఇమేజ్ రివ్యూ ఆఫ్ చేసే సెట్టింగ్ ఉంటుంది. ఫోన్లో ఆ వీలు లేకపోతే తీసిన వెంటనే జేబులో పెట్టేయండి. ఫొటోలు మర్నాడు చూడండి. అప్పుడు కూడా క్రాప్ చేయొద్దు. చేయాలనిపిస్తే ఎంత చేయాలనిపించిందో కాగితం మీద రాసుకోండి. వెడల్పులో సగం కోసేయాలనిపిస్తే మీరు నిలబడాల్సిన దూరం సగమే అన్నమాట. పది ఫొటోలకి ఇలా రాసుకుంటే మీ అలవాటు తప్పు ఎటువైపు ఉందో లెక్కతో సహా తెలిసిపోతుంది. చాలామందికి అది "ఎక్కువ దూరం" వైపే ఉంటుంది.

ఈ పద్ధతిని నేను కనిపెట్టలేదు. టిబెటన్ గురువు చోగ్యమ్ త్రుంగ్పా కళ గురించి చెప్పిన మాటల మీద ఆధారపడి మైఖేల్ వుడ్ దీనికి మిక్సాంగ్ అనే పేరుతో ఒక రూపం ఇచ్చారు. టిబెటన్‌లో ఆ మాటకి మంచి కన్ను అని అర్థం. చటుక్కున చూడటం, చూసింది ఏమిటో తేల్చుకోవడం, దానికి సరితూగే ఫొటో తీయడం అని మూడు మెట్లు. అంతకు చాలా ముందే, 1922 నుంచి, అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ కెమెరాని ఆకాశం వైపు తిప్పి ఏళ్ళ తరబడి మేఘాలే తీశారు. చాలావాటిలో నేల లేదు, చెట్టు లేదు, ఏది పైనో ఏది కిందో కూడా తెలీదు. అరచేతిలో పట్టేంత చిన్న ప్రింట్లు. తనను ఆపింది తప్ప మిగతాదంతా వదిలేయడమంటే ఎలా ఉంటుందో అవి చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ధ్యానంలా ఫొటోగ్రఫీ అనగానే తుప్పుపట్టిన గొళ్ళెం, పెచ్చులూడిన గోడ, ఎండిన ఆకు, అదీ నలుపు తెలుపులో. తుప్పు అందంగానే ఉంటుంది, కాదనను. కానీ తుప్పు కనిపించగానే ఇది లోతైన విషయం అని బుర్ర ముందే తీర్పు చెప్పేస్తోంది, కన్ను చూడట్లేదు. కొత్త ప్లాస్టిక్ డబ్బా మూత మీద పడిన వెలుగుకి కూడా అంతే విలువ ఉంది. నలుపు తెలుపు కూడా కనీసం మొదటి రెండు నెలలు వద్దు, రంగులో చూసిన దాన్ని నలుపు తెలుపు చేస్తే చూసిన దానికి ద్రోహం చేసినట్టే.

కెమెరా అడిగారు కదా. ఉన్న ఫోన్ చాలు. కెమెరా ముందే ఉంటే జూమ్ పక్కన పెట్టి ఒకే లెన్స్ వాడండి: ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరా అయితే 50 మిల్లీమీటర్లు, ఏపీఎస్‌సీ (అంతకన్నా చిన్న సెన్సార్) అయితే 35. అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/5.6 లేదా ఎఫ్/8, షట్టర్ కనీసం 1/125 సెకను, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో 3200 దాకా. ఇవి ఒకసారి పెట్టేసి మర్చిపోండి. వెనకంతా మసకబారే ఎఫ్/1.8 మోజు ఈ పనికి పనికిరాదు, అది చూసిన దాన్ని చూపించదు, లెన్స్‌ని చూపిస్తుంది.

వెలుగు వారం వచ్చినప్పుడు చెట్టు కింద ఒకరోజు గడపండి. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలు గుండ్రంగా ఉంటాయి, సందులు మాత్రం గుండ్రంగా ఉండవు. ప్రతి చుక్కా సూర్యుడి బొమ్మే. ప్రతి చిన్న సందూ ఒక సూదిబెజ్జం కెమెరాలా (లెన్స్ బదులు చిన్న రంధ్రంతోనే బొమ్మ పడే పెట్టె) పనిచేస్తుంది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, ఆకులు 5 మీటర్ల ఎత్తులో ఉంటే చుక్క అడ్డుకొలత దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు. పొద్దు వాలేకొద్దీ అవి కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతాయి. ఎక్స్‌పోజర్ చుక్క మీద పెట్టండి, నేల ఎంత నల్లబడినా పర్వాలేదు. పాక్షిక సూర్యగ్రహణం రోజున ఆ చుక్కలన్నీ నెలవంకలైపోతాయి. అప్పుడు తల పైకెత్తొద్దు, నేలనే చూడండి.