అత్తగారి జబ్బు దాచామని క్లెయిమ్ తిప్పికొట్టారు, కిడ్నీ మాత్రం నన్నిమ్మంటున్నారు

ప్రశ్న: మాది గాజువాక. మా ఆయనకు 47 ఏళ్లు, ఆటోనగర్‌లో ఓ ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజరు. ఆరు నెలలుగా డయాలసిస్ చేయించుకుంటున్నారు. రెండు కిడ్నీల నిండా నీటితిత్తులున్నాయని, ఇది తల్లి వైపు నుంచి వచ్చిన జబ్బని డాక్టరుగారు చెప్పారు. మా అత్తగారిది కవిటి. 2006లో కిడ్నీలు పాడై పోయారు. అప్పుడంతా ఉద్దానం జబ్బే అనుకున్నాం. 2018 నుంచి ఏటా మానకుండా కడుతున్న హెల్త్ పాలసీ మీద 1,85,000 రూపాయలకు క్లెయిమ్ పెడితే ‘వంశపారంపర్య వ్యాధి, తల్లి జబ్బు సంగతి దాచారు’ అని రాసి పంపారు. కిడ్నీ మార్పిడే మార్గమంటున్నారు. ‘భార్యవి, నువ్వు కాక ఎవరిస్తారు’ అని ఆడపడుచు, మా ఆయన అన్నయ్య నా మీద పడుతున్నారు. నాకు భయంగా ఉంది. అమ్మాయికి 23 ఏళ్లు, సంబంధాలు చూస్తున్నాం. అబ్బాయికి 20. పిల్లలకు ఇంకా పరీక్షలేవీ చేయించలేదు. పెళ్లివారికి ఇదంతా చెప్పాలా? చెప్పకపోతే కేసవుతుందా?

జవాబు: అమ్మా, ‘అప్పుడంతా ఉద్దానం జబ్బే అనుకున్నాం’ అని రాశారే, మీ బీమా తగాదాకు ఆ మాటే ఆయువుపట్టు. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు ఏళ్ల తరబడి ఎంతమంది కిడ్నీలు పోయాయో మన ఉత్తరాంధ్రలో తెలియనివారు లేరు. దాని కారణం ఇప్పటికీ ఇదమిత్థంగా తేలలేదు. కవిటి మనిషి కిడ్నీ జబ్బుతో పోతే ఇంట్లోవాళ్లు ఇంకేమనుకుంటారు? పాలసీ తీసుకునేటప్పుడు చట్టం అడిగేది మనకు తెలిసిన సంగతులు చెప్పమని. తెలియనిదాన్ని దాచడమంటూ ఉండదు.

కంపెనీ తరఫు వకీళ్లు 2009 నాటి సత్వంత్ కౌర్ సంధూ కేసు తీర్పు చూపిస్తారు. అదీ కిడ్నీ కేసే. అందులో సుప్రీంకోర్టు బీమా కంపెనీ వైపే నిలిచింది. కానీ అక్కడ ఆ మనిషికి తన జబ్బు తెలుసు, చికిత్స జరుగుతూనే ఉంది, అయినా ఆరోగ్యం బాగుందని రాశాడు. మీ ఆయన సంగతి అది కాదు. ఒకవేళ 2018కి ముందే ఆయనకు క్రియాటినిన్ ఎక్కువొచ్చిందనో, స్కానింగులో తిత్తులు కనిపించాయనో కాగితం ఏదైనా ఉంటే, దాన్ని మీ వకీలుకు ముందే చూపించండి. అవతలివాళ్లు బయటపెట్టాక తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ముందు కంపెనీని ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం మొదట నింపి ఇచ్చిన దరఖాస్తు, నకలు అడగండి. తల్లిదండ్రుల జబ్బుల గురించి అందులో ప్రశ్న ఉందా? ఉంటే జవాబు రాసిందెవరు, మీ ఆయనా, ఏజెంటా? చాలా కేసుల్లో ఏజెంటే అన్నిటికీ ‘లేదు’ అని టిక్కులు పెట్టి సంతకం మాత్రం మనచేత పెట్టిస్తాడు.

‘వంశపారంపర్యం’ అన్న సాకు అయితే అసలు చెల్లదు. జన్యుపరమైన వ్యాధులను పాలసీ నుంచి మినహాయించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరు 27 నాటి మార్గదర్శకాల్లోనే చెప్పింది. ఇంకో బలమైన సంగతి: పాలసీ తెగకుండా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత ‘చెప్పలేదు, దాచారు’ అన్న కారణంతో క్లెయిమ్‌ను ప్రశ్నించడానికి వీల్లేదు. 2024కు ముందు ఇది ఎనిమిదేళ్లు ఉండేది, తగ్గించారు. మోసం జరిగిందని వాళ్లు రుజువు చేస్తే తప్ప దీనికి తిరుగులేదు. మీది 2018 పాలసీ. మధ్యలో బీమా మొత్తం పెంచుకుని ఉంటే మాత్రం, పెంచిన భాగానికి 60 నెలలు పెంచిన రోజు నుంచి లెక్కిస్తారు. అదొకటి చూసుకోండి.

మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. మన రాష్ట్రానికీ ఆ కార్యాలయమే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు, 50 లక్షల దాకా తగాదాలు వింటారు. ఆయన ఉత్తర్వుకు కంపెనీ కట్టుబడాలి. విశాఖలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ కూడా ఉంది, అక్కడ గడువు రెండేళ్లు. కానీ కమిషన్‌లో కేసు వేశాక అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లలేరు. వారానికి రెండు మూడు రోజులు డయాలసిస్ మంచం దగ్గర గడిపే మీకు కోర్టు వాయిదాలు కష్టం, ముందు అంబుడ్స్‌మన్ దారే పట్టండి. వకీలు సాయం కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. ఈలోగా ఖర్చుకు, మీకు రైస్ కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవలో డయాలసిస్ ఉంది. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. మీకు అర్హత ఉందేమో సచివాలయంలో కనుక్కోండి.

ఇక కిడ్నీ సంగతి. ఇవ్వాలో వద్దో నేను చెప్పకూడదు, ఇంకెవరూ చెప్పకూడదు. భర్తకు కిడ్నీ ఇవ్వడం భార్య బాధ్యత అని ఏ చట్టంలోనూ లేదు. అవయవ మార్పిడి చట్టం భార్యాభర్తలను, తల్లిదండ్రులను, పిల్లలను, అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను, తాతబామ్మలను, మనవలను దగ్గరి బంధువులుగా ఒకే వరుసలో పెట్టింది. మీ ఆయన రక్తం పంచుకున్నవాళ్లకు లేని భారం మీకు ఒక్కరికే లేదు. దాత స్త్రీ అయితే మరింత జాగ్రత్త తీసుకోవాలని, ఆమె సమ్మతి స్వతంత్రమైనదేనని కిడ్నీ పుచ్చుకునే వ్యక్తి కాక వేరొకరి ద్వారా నిర్ధారించుకోవాలని 2014 నిబంధనలు ప్రత్యేకంగా చెప్పాయి. ఈ నిబంధన ఎందుకు పెట్టారో మీ ఉత్తరం చదివితే ఎవరికైనా అర్థమవుతుంది. ఆసుపత్రిలో డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. మీ భయం మొహమాటపడకుండా చెప్పండి, ఆ మాటలు గోప్యంగా ఉంచమనండి. ఒప్పుకుని ఫారం మీద సంతకం పెట్టినా, ఆపరేషనుకు ముందు ఏ క్షణమైనా వద్దనవచ్చు.

మీ మీద ఒత్తిడి తెస్తున్న ఆడపడుచూ, బావగారూ ఆ తల్లి బిడ్డలే. ఈ నీటితిత్తుల జబ్బు అమ్మకో నాన్నకో ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. నడివయసు దాకా ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. వాళ్లు ముందు తమ కోసం స్కానింగు చేయించుకోవాలి. నిందగా కాదు, వాళ్ల మేలు కోరి ఈ మాట చెప్పండి. వాళ్లకు జబ్బు లేదని తేలితే, దాతలుగా వాళ్లనూ పరీక్షిస్తారు.

మీరు ఇవ్వాలనుకుని బ్లడ్ గ్రూపు కుదరకపోతే, అలాంటి ఇబ్బందే ఉన్న ఇంకో జంటతో మార్చుకునే పద్ధతికి 2011 సవరణ వీలు కల్పించింది. మరణించిన దాతల కిడ్నీ కోసం ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించడం ఇప్పుడే చేయండి. ఎవరైనా బ్రోకరు ఇంటికొస్తే గుమ్మంలోంచే పంపేయండి. కిడ్నీ కొన్నా, అమ్మినా 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షలకు తగ్గని జరిమానా.

అమ్మాయి పెళ్లి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 ప్రకారం, పెళ్లి చేసుకునే మనిషికి సంబంధించిన ముఖ్యమైన వాస్తవాన్ని మోసం చేసి దాస్తే, అది తెలిసిన ఏడాదిలోగా రెండోవారు పెళ్లి రద్దు చేయమని కోర్టుకు వెళ్లవచ్చు. తండ్రి జబ్బు తండ్రిది. అది పిల్లకు వచ్చిందని ఈ రోజు ఎవరికీ తెలియదు, తెలియనిది చెప్పలేదని కేసు నిలవదు. కానీ పరీక్ష చేయించి తిత్తులున్నాయని తేలాక మౌనంగా ఉంటే అది వేరు, అప్పుడు చెప్పి తీరాలి. అలాగని కేసు భయంతో పరీక్ష వాయిదా వేయకండి. ముందే తెలిస్తే బీపీ అదుపులో పెట్టుకుని కిడ్నీని చాలా ఏళ్లు కాపాడుకోవచ్చు. ఈ వయసులో స్కాను బాగున్నా జబ్బు లేదని ఖాయం కాదు, నెఫ్రాలజిస్టు మాట వినండి. పరీక్ష ఎప్పుడన్నది మాత్రం అమ్మాయి నిర్ణయం. ఆమె మేజరు.

నా సొంత అభిప్రాయం అడిగితే, నాన్న డయాలసిస్‌లో ఉన్నారని, ఇది వంశంలో ఉన్న జబ్బని సంబంధం ఖాయం కాకముందే పెళ్లికొడుక్కి అమ్మాయే చెప్పడం మంచిది. పెళ్లిళ్ల పేరయ్య నోట వెళ్తే అది ఇంకోలా చేరుతుంది.

మీ అబ్బాయిని దాతగా చూడాలంటే ముందు అతనికి ఈ జబ్బు లేదని డాక్టర్లు తేల్చాలి. అప్పటిదాకా ఇంట్లో ఆ మాట ఎత్తకండి. 20 ఏళ్ల పిల్లాడు నాన్న కోసం దేనికైనా సరేననేస్తాడు. పిల్లలిద్దరికీ పాలసీ తీసుకుంటే, కుటుంబ చరిత్ర అడిగిన గడిలో తండ్రి జబ్బు, నాయనమ్మ జబ్బు స్పష్టంగా రాయించండి, నింపిన ఫారం ఫొటో తీసి దాచుకోండి.

ఈ రాత్రే తిరస్కరణ లేఖ తీసి దాని మీది తేదీ చూడండి. అంబుడ్స్‌మన్‌కు వెళ్లడానికి గడువు ఏడాదే.