వీడియో ఆపి గీత గియ్యి

చిరంజీవి అమ్మణ్ణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు ఆన్‌లైన్ కోర్సుల వివరాలూ కుదురుగా కూర్చుని చూశాను. బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంత పనిలోనూ బొమ్మల కోసం రోజూ ఒక గంట తీయాలనుకున్నావు. ఆ గంట వృథా పోకూడదని నా ఆరాటం. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నాను.

ముందు తేల్చి చెప్పేస్తాను. నీకు బాగా నచ్చిన మొదటి కోర్సు వద్దు. ఆ టీచరు చెయ్యి ఎంత తిరిగిందో నాకూ తెలుస్తోంది. కుంచె ఆనించగానే పువ్వు విచ్చుకుంటోంది. కానీ అన్ని వీడియోల్లోనూ ఆమె బొమ్మలే ఉన్నాయి, నేర్చుకునేవాళ్ళ బొమ్మ ఒక్కటీ కనిపించలేదు. చూడటానికి చప్పగా ఉందన్నావే, ఆ మూడోది తీసుకో. అందులో వారానికి ఒక లైవ్ క్లాసు ఉంది. విద్యార్థులు పంపిన బొమ్మల మీద ఆ సారు ఎర్ర గీతలతో దిద్ది, ఎందుకు దిద్దారో చెబుతున్నారు. నువ్వు డబ్బు కట్టేది ఆ ఎర్ర గీతలకే అనుకో. ఎలా గీయాలో చూపించే వీడియోలు యూట్యూబ్‌లో ఊరికే బోలెడు దొరుకుతాయి. నీ బొమ్మలో భుజం ఎందుకు జారిపోయిందో చెప్పే మనిషి మాత్రం అంత తేలిగ్గా దొరకరు.

డబ్బు కట్టేముందు వాళ్ళకు మెసేజ్ పెట్టి కొన్ని అడుగు. క్లాసులో ఎంతమంది ఉంటారు, అందరి బొమ్మలూ దిద్దుతారా లేక కొన్ని ఏరుకుంటారా, క్లాసు తప్పితే రికార్డింగ్ ఎన్నాళ్ళు ఉంటుంది, మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి వస్తుందా. జవాబులు రాతలో తెచ్చుకో. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు, ఆశపడొద్దు. ముందు ఒక నెలకో, ఒక భాగానికో కట్టు.

ఇక అసలు సంగతి. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. పక్కన కాగితం పెట్టుకుని వీడియోలో టీచరమ్మ ఒక గీత గీస్తే నువ్వూ ఒక గీత గీస్తే బొమ్మ కూడా బాగానే వస్తుంది. మర్నాడు వీడియో లేకుండా అదే గీయబోతే చెయ్యి ఆగిపోతుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది వదిలేయాలి, ఎక్కడ ముదురు పెట్టాలి అనే నిర్ణయాలన్నీ ఆమే చేసింది కదా. నువ్వు ఆమె చేతి వెంట పోయావంతే. కాబట్టి ఇలా చెయ్యి. మొదట పెన్సిల్ ముట్టుకోకుండా పాఠం చూడు. ఫోన్ పక్కన పెట్టి, చూసినది గుర్తున్నంతవరకు గియ్యి. తర్వాత మళ్ళీ వీడియో పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో వెతుక్కో. చివరగా అదే పద్ధతిలో ఇంట్లో ఉన్న వేరే వస్తువును గియ్యి. ఆ టీచరు యాపిల్ వేస్తే నువ్వు మామిడికాయ వెయ్యి. ఇరవై నిమిషాల పాఠానికి రెండు రోజులు పట్టినా పర్వాలేదు. వేగం పెంచి మాత్రం చూడొద్దు. చాలామంది గంటల పనిని పది నిమిషాలకు కుదించి చూపిస్తారు, దానితో పోల్చుకుంటే నీ చెయ్యి మందమని అనిపిస్తుంది.

రంగుల మీదకు తొందరగా దూకాలని నీకు ఉంది, నాకు తెలుసు. చిన్నప్పుడూ అంతే, అవుట్‌లైన్ సగంలో ఉండగానే రంగుల పెట్టె తెరిచేదానివి. రంగు కుదరలేదనుకునే బొమ్మల్లో చాలావాటికి అసలు లోపం వెలుగునీడల్లో ఉంటుంది. నీ బొమ్మను ఫోన్లో ఫోటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడు. అంతా ఒకే బూడిద రంగుగా కనిపిస్తే, ఎంత ఖరీదైన రంగులు కొన్నా ఆ బొమ్మ లేవదు. అందుకని మొదటి రెండు నెలలు పెన్సిలే పట్టు. లేతగా పడే హెచ్‌బి, కాస్త ముదురు 2బి, బాగా ముదురు 6బి, మూడు చాలు.

వెలుగునీడలకు మీ చిత్తూరులో బెల్లానికి మించిన వస్తువు లేదు. మండీ నుంచి ఒక బెల్లం దిమ్మ తెప్పించుకుని తెల్ల పళ్ళెంలో పెట్టు. రాత్రి ట్యూబ్‌లైట్ ఆపేసి, ఒక పక్క నుంచి టేబుల్ లైట్ వెయ్యి. వెలుగు నేరుగా పడే భాగం, వాలుగా పడే భాగం, వెలుగు పడని భాగం, పళ్ళెం మీద పడిన నీడ, ఈ నాలుగూ వేరువేరుగా కనిపిస్తాయి. ఇంకొంచెం ఓపికగా చూస్తే చీకటి భాగం అడుగున చిన్న వెలుగు ఉంటుంది. అది పళ్ళెం నుంచి తిరిగి కొట్టిన వెలుగు. కొత్తవాళ్ళు అది కనిపించిన సంతోషంలో దాన్ని మరీ తెల్లగా వదిలేస్తారు, దాంతో దిమ్మ గుండ్రదనం పోతుంది. అది ఎంత వెలుగైనా నీడ పక్షమే, వెలుగు పడే భాగాన్ని ఎప్పుడూ మించదు. ఈ ఒక్క బెల్లం దిమ్మను దీపం చోటు మార్చి మార్చి వారమంతా గీయొచ్చు. పిల్లలు అంచులు కొరికేస్తే ఇంకా మంచిది, కొత్త మూలలు వస్తాయి.

మనుషుల కొలతల్లో ఒక్కటి గుర్తుపెట్టుకో. కళ్ళు తలలో దాదాపు సగం ఎత్తులో ఉంటాయి. జుట్టును, నడినెత్తిని లెక్కలోకి తీసుకోక అందరూ కళ్ళను పైకి నెట్టేస్తారు. పెద్దవాళ్ళ ఎత్తు సుమారు ఏడున్నర తలలు. మీ చిన్నోడి వయసు పిల్లలకు ఐదు తలలే. పెద్దమనిషి కొలతతో పిల్లాడిని గీస్తే కుదించిన పెద్దమనిషిలా కనిపించేది అందుకే. వాడు నిద్రపోయేటప్పుడు గియ్యి, కదలకుండా ఉండేది అప్పుడే.

గీత బాగుపడాలంటే వారానికి రెండు రోజులైనా రబ్బరు దాచేసి పెన్నుతో గియ్యి. డ్రా ఎ బాక్స్ అని ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పాఠాలు ఉన్నాయి. గీతలు, కోలగా ఉండే వలయాలు, పెట్టెలు, వీటితోనే మొదలుపెట్టిస్తారు, అదీ పెన్నుతోనే. 250 పెట్టెలు గీయమనే అభ్యాసం కూడా ఉంది. విసుగొస్తుంది. కానీ నువ్వు గీసే సమయంలో సగం నీకిష్టమైనవి ఊరికే గీసుకోవడానికి ఉంచుకోమని వాళ్ళే చెబుతారు. ఆ మాట నాకు చాలా నచ్చింది. పాఠాల కోసమే గీస్తూ పోతే బొమ్మ మీద మోజే చచ్చిపోతుంది.

రబ్బరు లేకుండా గీయడం అంటే ఏమిటో కళ్ళారా చూడాలంటే ఒక ఆదివారం శ్రీకాళహస్తి పోదాం రా. తిరుపతి నుంచి బస్సులో గంట ప్రయాణం. అక్కడ కలంకారీ వేసేవాళ్ళు కరక్కాయ, పాలు కలిపి నానబెట్టిన గుడ్డ మీద, చింతపుల్లల బొగ్గుతో లేతగా గుర్తులు పెట్టుకుని, వెదురు కలంతో గీస్తారు. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్ళతో నొక్కితే కసిం కొంచెం కొంచెంగా దిగుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో పులియబెట్టి చేసే నల్ల సిరా అది. గీసినప్పుడు లేతగా ఉంటుంది, గుడ్డలోని కరక్కాయ తగిలి కాసేపటికి నల్లబడుతుంది. అంటే గీత పూర్తిగా కనిపించకముందే చెయ్యి దానిని నమ్మాలి. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారు ఆ ఊరివారే. కలంకారీకి కూడా ఆన్‌లైన్ క్లాసులు ఉన్నాయి. గీత, అలంకారం ఎలా కూర్చాలో అందులో నేర్చుకోవచ్చు. గుడ్డను ఎంతసేపు నానబెట్టాలి, పటిక ఎంత వెయ్యాలి, రంగు ఎక్కిందో లేదో ఎలా పోల్చుకోవాలి అనేవి మాత్రం పక్కన కూర్చుంటేనే వస్తాయి.

రంగులకు వచ్చాక కోర్సులో చెప్పినవన్నీ యథాతథంగా మనకు కుదరవు. ఆ టీచర్లలో చాలామంది చలి దేశాల వాళ్ళు. కాగితం తడిపి నింపాదిగా రంగు వదులుతారు. మన మే నెలలో, నలభై డిగ్రీల ఎండలో, ఫ్యాను కింద అలా చేస్తే ఆకాశం సగానికి రాకముందే కాగితం ఆరిపోయి అంచులు గట్టిగా పడతాయి. అది నీ చేతకానితనం అనుకోవద్దు. ఫ్యాను ఆపు, తెల్లవారుజామున వెయ్యి, కాగితం రెండు వైపులా తడుపు, కావలసిన రంగు ముందే ఎక్కువగా కలిపి పెట్టుకో. కార్తీక మాసపు ముసురులో ఇదంతా తిరగబడుతుంది, ఎంతసేపైనా ఆరదు. అప్పుడు పై పూత వేసే తొందర పడితే బురదవుతుంది. ఇంకొకటి, వాటర్ కలర్ ఆరాక లేతబడుతుంది, అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది. అది ముందే లెక్కలో పెట్టుకో.

సామాన్ల జాబితా చూసి భయపడకు. విద్యార్థుల రకం రంగులు చాలు. అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెనా అనే ఎర్రమట్టి రంగు, ఎల్లో ఆకర్ అనే పసుపుమట్టి రంగు, నిమ్మపసుపు, ఒక క్రిమ్సన్ ఎరుపు, వీటితో ఏడాది గడిచిపోతుంది. పొదుపు రంగుల్లో చెయ్యి, కుంచెల్లో చెయ్యి, కాగితంలో మాత్రం వద్దు. 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు 300 గ్రాములు తూగే మందపాటి వాటర్ కలర్ కాగితం కొనుక్కో. పెద్ద షీటు తెచ్చి నాలుగు ముక్కలు చేసుకుంటే ఖర్చు తగ్గుతుంది. పల్చటి డ్రాయింగ్ కాగితం నీళ్ళు తగలగానే ముడతలు పడి, రంగు గుంతల్లో చేరుతుంది.

ఒంటి రంగు పాఠం వచ్చినప్పుడు జాగ్రత్త. చాలా కోర్సుల్లో గులాబీ రంగుతో మొదలుపెడతారు. మన ఇంట్లో ఆ రంగు ఎవరికుంది? బర్న్ట్ సియెనాలో ఎల్లో ఆకర్ కలిపి మొదలుపెట్టు. నీడలకు నలుపు వాడకు, ముఖం మసిబారుతుంది. బర్న్ట్ సియెనాలో అల్ట్రామెరైన్ కలిపితే వెచ్చటి ముదురు వస్తుంది. నీలం పాలు పెంచేకొద్దీ చల్లబడుతుంది. మీ అమ్మ చామనఛాయ, నుదుటి మీద పడే వెలుగు, చెవి వెనక ఎరుపు, ఇవి ఏ విదేశీ కోర్సులోనూ దొరకవు. ఎదురుగా కూర్చోబెట్టి చూడాల్సిందే.

ఎండ కూడా అంతే. ఎండాకాలంలో మనకు సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు, మధ్యాహ్నం నీడలన్నీ కాళ్ళ కిందే ఉంటాయి, రూపాలు చదునుగా కనిపిస్తాయి. బయట గీయాలంటే ఉదయం ఏడు లోపలో, సాయంత్రం ఐదు తర్వాతో కూర్చో. సాయంత్రపు ఎండలో శేషాచలం బండల ఎరుపు కపిలతీర్థం దగ్గర నుంచి చూస్తే ఎంత ఎర్రగా ఉంటుందో, చూడకుండా కలిపితే ఎవరూ నమ్మరు. పర్‌స్పెక్టివ్ పాఠం, అంటే దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నవయ్యేట్టు గీసే పాఠం మొదలవగానే చంద్రగిరి రాజమహల్‌కు పో. మూడు అంతస్తుల్లో వరుసగా తోరణాలు. కాస్త పక్కకు నిలబడి చూస్తే నీ కంటి ఎత్తుకు పైనున్న గీతలు కిందికి వాలుతూ, కిందవి పైకి లేస్తూ పోతాయి. టీచరు స్కేలుతో గంటసేపు చెప్పింది అక్కడ పది నిమిషాల్లో కంటికి ఆనుతుంది.

మంచి బొమ్మలను చూసి వేయడం తప్పు కాదు. బాపు గీతను చూసి వేసేటప్పుడు ఆయన ఎక్కడ గీత ఆపేశారో చూడు. వడ్డాది పాపయ్య రంగుల్లో నీడలను ఏ రంగుతో వేశారో చూడు. కింద ఎవరిని చూసి వేశావో పేరు రాయి. అలాంటివి నీ సొంతం అన్నట్టు ఎవరికీ చూపించకు.

క్లాసుకు బొమ్మ పంపేటప్పుడు కిటికీ దగ్గర, పగటి వెలుగులో, ఫోన్‌ను కాగితానికి సమానంగా పట్టుకుని ఫోటో తియ్యి. ఏటవాలుగా తీస్తే కొలతలు మారిపోయి, నువ్వు చేయని తప్పుకు దిద్దుబాటు వస్తుంది. రంగుల పాఠం చూసేటప్పుడు ఫోన్లో కళ్ళకు చల్లదనమని పెట్టుకున్న పసుపు వెలుగు తీసెయ్యి.

కొన్ని వారాలకు ఒక రోజు నీ బొమ్మలన్నీ అసహ్యంగా కనిపిస్తాయి. కోర్సు మానేసేవాళ్ళు ఎక్కువగా అక్కడే మానేస్తారు. చెయ్యి కంటే ముందు కన్ను ఎదుగుతుంది, అందుకే నిన్నటిదాకా కనిపించని తప్పులు కనిపిస్తాయి. ఆ రోజు కాగితాలు చించొద్దు. ప్రతి బొమ్మకూ తేదీ వేసి ఉంచు. ఇంకో కొత్త కోర్సు కొనొద్దు.

సర్టిఫికెట్ గురించి అడిగావు. ఫ్రేము కట్టించుకోవచ్చు, అంతే. స్కూల్లో డ్రాయింగ్ టీచరు కావాలంటే ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షల దారిలో పోవాలి. మీ పెద్దదానికి ముందు ముందు ఇదే చదవాలనిపిస్తే కడపలో ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది, మన తిరుపతిలో దేవస్థానం వారి శిల్ప కళాశాల ఉంది. ఆ మాట వేరుగా మాట్లాడుకుందాం.

ఈ వయసులో ఇవన్నీ ఎందుకని మీ అమ్మ సణిగితే నాతో మాట్లాడమను. ఇంట్లో ఒక మూల బల్ల వేసుకుని, బోర్డు, పెన్సిళ్ళు ఎప్పుడూ బయటే ఉంచుకో. తీసి సర్దడానికే పావుగంట పోతే ఆ రోజు గీయబుద్ధి కాదు.

ఈసారి వచ్చేటప్పుడు ఫోటోలు వద్దు, స్కెచ్ బుక్కే తీసుకురా. బాగా వచ్చినవే ఏరి తేవద్దు, అన్నీ ఉండాలి. నేనూ ఎర్ర పెన్సిల్ చెక్కి పెట్టుకుంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ
తిరుపతి