నీ ఎలుగుబంటికి చలెందుకు వేసింది?

అమ్మాయీ,

చలికాలాన్ని జంతువులు ఎలా గడుపుతాయో చెప్పే నీ పిల్లల బొమ్మల పుస్తకం రాతప్రతి చదివాను. 16 పేజీల్లో 11 జంతువులు! ఐదేళ్ల పిల్ల ఒకదానితో చెలిమి కట్టేలోపే అది వెళ్లిపోయి ఇంకోటి వస్తోంది. మూడింటిని ఉంచు: చలికాలమంతా పడుకునే ఎలుగుబంటి, మేలుకుని ఉండే ఉడుత, బొచ్చు మార్చుకునే మంచు కుందేలు. వలస పక్షులకు ఇంకో పుస్తకం రాద్దువుగాని.

మూడో పేజీలో "చలికి తట్టుకోలేక ఎలుగుబంటి గుహలో దూరింది" అన్నావు. అంత దట్టమైన బొచ్చున్నదానికి చలి పెద్ద లెక్క కాదు. పండ్లు, పురుగులు, లేత ఆకులు దొరకవు, అదీ అసలు కష్టం. కాబట్టి గుహ కంటే ముందు అది తెగ తిని బలిసే పేజీ రావాలి. ఆ కొవ్వుతోనే మంచు ప్రాంతాల్లో ఐదారు నెలలు తిండీ నీళ్లూ లేకుండా గడిపేస్తుంది. "మరి ఉచ్చో?" అని పిల్లలు అడుగుతారు. పోయదు. ఆ మాట సిగ్గుపడకుండా రాసెయ్, పుస్తకంలో వాళ్లకి ముందు గుర్తుండేది అదే.

గుండె సంగతి అంకెల్లో చెబితే పిల్లలకి ఎక్కదు. నిమిషానికి 50 సార్లకు పైగా కొట్టుకునేది సుమారు 10కి దిగుతుంది, అంటే ఆరు సెకన్లకి ఒకటి. ఒక పేజీ చివర "టప్" అని మాత్రం రాయి. చదివే పెద్దవాళ్లు మనసులో ఆరు లెక్కపెట్టి పేజీ తిప్పాలి. అక్కడ రెండో "టప్". ఈలోగా పిల్ల తన గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంటుంది. ఈ చలికాలపు పెద్ద నిద్రకి పేరైన "సుప్తావస్థ" అనే మాట ఆ తర్వాతే, ఒక్కసారి చాలు.

చెట్టు ఉడుతని బొరియలో నెలల తరబడి నిద్రపుచ్చావు. అలా పడుకునేది నేల ఉడుత. చెట్టు ఉడుత చలిలోనూ తిరుగుతుంది, దాచుకున్న గింజల్ని జ్ఞాపకంతోనూ వాసనతోనూ వెతుక్కుంటుంది. తవ్వకుండా మిగిలినవాటిలో కొన్ని మొలుస్తాయి. అయితే "అడవి పెంచాలని నాటింది" అనకు, దానికి ఆ ఊసే లేదు.

కుందేలు రాత్రికి రాత్రి తెల్లబడదు. గోధుమ బొచ్చు రాలి తెల్లది రావడానికి సుమారు పది వారాలు పడుతుంది. ముందు కాళ్లు, చెవులు మారతాయి, వీపు చివరికి. బొమ్మలు వేసేవాళ్లకి ఈ వరస రాసి పంపు. దాని ఒంటికి కబురు చెప్పేది మంచు కాదు, పగలు పొట్టిదవడం. మంచు ఆలస్యమైతే గోధుమ నేల మీద తెల్ల కుందేలు! దూరం నుంచే కనబడిపోతుంది. నువ్వు కల్పించిన దుష్ట నక్క అక్కర్లేదు, నీ కథకి కావలసిన భయం ఇక్కడే ఉంది.

అన్నట్టు, ఋతువంటే మంచే కాదు. మంచు పడని అడవుల్లో ఎండాకాలమే ఆకలికాలం. కొన్ని కప్పలు మట్టిలో దిగబడి వాన కోసం ఆగుతాయి. ఇందులో ఇరికించకు, ఒక మూల గుర్తుంచుకో.

వాక్యానికి ఆరేడు మాటలు దాటనివ్వకు.

ఆఖరి పేజీలో "వసంతం వచ్చింది, అందరూ ఆనందించారు" కొట్టెయ్. నీది ఆడ ఎలుగు కదా, నడి చలికాలంలో గుహలోనే ఈనుతుంది. పుట్టినప్పుడు కూన అరకిలో కూడా ఉండదు. లోపలికి ఒక్కటే వెళ్లినట్టు బొమ్మ వేయించు, చివర్లో చిక్కిపోయిన తల్లీ, వెనకాల రెండు కూనలూ. ఎన్నో నువ్వు చెప్పకు, పిల్లలే లెక్కపెడతారు.

ఆశీస్సులతో.