‘ముందు ఎరిగెను’, ‘ముందుగా నిర్ణయించెను’ ఒకటేనా?

సందేహం: రోమీయులకు వ్రాసిన పత్రిక 8:29లో దేవుడు కొందరిని ‘ముందు ఎరిగెను’ అనీ, వారిని ‘ముందుగా నిర్ణయించెను’ అనీ ఉంది. ఎవరు నమ్ముతారో దేవుడికి ముందే తెలుసు కాబట్టి వారిని నిర్ణయించాడని మా సంఘంలో కొందరి మాట. ‘ఎరుగు’ అంటేనే ఎంచుకోవడమని మరికొందరి వాదన. గ్రీకు మూలం ఏమంటోంది? తెలుగు ‘ఎరుగు’కు ఆ రెండో అర్థం ఉందా? ఈ సిద్ధాంతాన్ని ‘తలరాత’ అనవచ్చా?

సమాధానం: తెలుగు సంగతి ముందు చూద్దాం. ‘తెలియు’, ‘ఎరుగు’ ఒకే తీరున నడిచే క్రియలు కావు. ‘నాకు ఆ సంగతి తెలుసు’ అంటాం. ‘నేను ఆయన్ను ఎరుగుదును’ అంటాం. మొదటిదానిలో సమాచారం ప్రధానం, రెండోదానిలో సంబంధం. ‘ఎరిగున్న మనిషి’ అంటే వివరాలు తెలిసిన మనిషి కాదు, పరిచయం, చనువు ఉన్న మనిషి. ‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్నప్పుడు ఎరగకపోవడం అంటే లెక్కచేయకపోవడమే. మనిషిని వ్యాకరణంలో కర్మగా (‘ఎవరిని’ అన్నదానికి జవాబుగా) తీసుకుని అనుబంధాన్ని చెప్పే శక్తి ఈ క్రియకు పుట్టుకతో ఉంది. ‘ఎంచుకొను’ అనే అర్థం మాత్రం మన వాడుకలో లేదు. అది బైబిలు అనువాదం వెంట వచ్చింది. ఆమోసు 3:2లో ఇశ్రాయేలీయులతో దేవుడు సకల వంశాలలోనూ “మిమ్మును మాత్రమే నేను ఎరిగియున్నాను” అంటాడు. మిగతా జాతుల ఉనికి ఆయనకు తెలియదని కాదు గదా! దాని వెనక ఉన్న హీబ్రూ క్రియ ‘యాదా’కు అక్కున చేర్చుకోవడం, తనవారిగా గుర్తించడం అనే అర్థాలున్నాయి.

గ్రీకు క్రియ ‘ప్రొగినోస్కో’. ‘ప్రొ’ అంటే ముందు, ‘గినోస్కో’ అంటే ఎరుగు. కొత్త నిబంధనలో ఇది అయిదు చోట్ల వస్తుంది. అపొస్తలుల కార్యములు 26:5లో యూదులు తనను మొదటినుంచీ ఎరుగుదురని ఈ పత్రిక రాసిన పౌలు చెబుతాడు. అది పాత పరిచయం, అంతే. 2 పేతురు 3:17లో రాబోయే సంగతులు ముందే తెలుసుకోవడం. తక్కిన మూడు చోట్ల ఎరిగినవాడు దేవుడు, ఎరగబడినవారు వ్యక్తులు: రోమా 8:29లో విశ్వాసులు, 11:2లో ఇశ్రాయేలు ప్రజ, 1 పేతురు 1:20లో క్రీస్తు.

ఈ మూడో చోటును మీరు తప్పక చూడాలి. మన సంఘాల్లో చదివే పాత తెలుగు అనువాదం అక్కడ క్రీస్తు జగత్తుకు పునాది పడకముందే “నియమింపబడెను” అంటుంది. గ్రీకులో క్రియ అదే! ఆ అధ్యాయంలోనే రెండో వచనంలో, ఆ క్రియ నుంచి వచ్చిన నామవాచకం ‘ప్రొగ్నోసిస్’ను ‘భవిష్యద్ జ్ఞానము’ అన్నారు. అంటే ఒకే ధాతువు తెలుగులో ఒకచోట ఎరుక, ఒకచోట జ్ఞానం, మరొకచోట నియామకం అయింది. మీ సంఘంలోని రెండు వాదాలకూ తెలుగు బైబిలులోనే ఊతం దొరకడానికి కారణం ఇదే. ‘భవిష్యద్ జ్ఞానము’ పట్టుకున్నవారికి దేవుడు ముందుచూపుతో చూసినట్టు వినిపిస్తుంది, ‘నియమింపబడెను’ పట్టుకున్నవారికి ఎంపిక వినిపిస్తుంది. నా మట్టుకు నాకు ‘ముందు ఎరిగెను’ అన్నదే ఈ మూడింటిలో నిజాయితీగల అనువాదం. గ్రీకు తెరిచి ఉంచిన తలుపును అది మూయలేదు.

ఒకటి గమనించండి. రోమా 8:29లో కర్మ ‘ఎవరిని’. ‘ఎవరి విశ్వాసమును’ అని పౌలు రాయలేదు. నమ్ముతారని ముందే చూశాడనేవారు ఆ మాటను తామే చేర్చుకోవాలి. అలాగని ‘ఎరిగెను’ స్థానంలో ‘ఎంచుకొనెను’ పెడితే పౌలు ఎంపికకు వేరే క్రియ వాడతాడన్న సంగతి మరుగున పడుతుంది. ఎఫెసీ 1:4లో ‘ఏర్పరచుకొనెను’ ఉన్నచోట గ్రీకు క్రియ వేరు. అది సంస్కృతంలోని ఆత్మనేపదంలాంటి రూపం, తన కోసం చేసుకోవడం. మన ‘కొను’ దానికి చక్కగా సరిపోయింది.

ఇక ‘నిర్ణయించెను’. గ్రీకులో ‘ప్రొఒరిజో’, దీని మూలం ‘హొరొస్’, అంటే హద్దు, పొలిమేర. ఈ క్రియ కొత్త నిబంధనలో ఆరుసార్లు వస్తుంది. ఉపసర్గ లేని ‘హొరిజో’ రోమా 1:4లో ఉంది. క్రీస్తు దేవుని కుమారుడుగా “నిరూపింపబడెను” అని మన తెలుగు. కానీ లాటిన్‌లో రాసిన క్రైస్తవ వేదాంతి అగస్టీన్ (354–430) చేతిలోని లాటిన్ పాఠంలో అక్కడ కూడా ‘ముందుగా నిర్ణయింపబడెను’ అనే అర్థమిచ్చే మాటే ఉంది. గ్రీకులో లేని ‘ముందు’ లాటిన్‌లో చేరింది. క్రీస్తే పూర్వనిర్ణయానికి అత్యుత్తమ ఉదాహరణ అని ఆయన వాదించినప్పుడు ఆ వచనాన్నే ఆధారం చేసుకున్నాడు. చిన్నప్పుడు గ్రీకు చదువు తనకు వెగటుగా ఉండేదని ఆయనే రాసుకున్నాడు. పశ్చిమ సంఘాలు శతాబ్దాలపాటు ఈ చర్చను ఆయన లాటిన్ మాటలతోనే చేశాయి. ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ తన రోమా వ్యాఖ్యానంలో (1540) ఆ ఎరుక ఒట్టి ముందుచూపు కాదు, దత్తత అన్నాడు. నమ్ముతారని దేవుడు ముందే చూశాడనే డచ్ వేదాంతి అర్మీనియస్ అనుచరులు 1610లో దానికి ఎదురు నిలిచారు. 1618–19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డోర్ట్ సంఘ సభ వారిని తోసిపుచ్చింది.

గ్రీకే మాతృభాష అయిన తొలినాటి బోధకుడు క్రిసొస్టొమ్ ఎలా విన్నాడో రోమా 9:22 దగ్గర తెలుస్తుంది. నాశనానికి ‘సిద్ధపడి’న ఘటములు (కుండలు, ఇక్కడ మనుషులకు పోలిక) అంటుంది మన తెలుగు. ఆ మరుసటి వచనంలోనే మహిమకు ఆయన ముందుగా ‘సిద్ధపరచిన’ ఘటములు. పడు, పరచు: ఈ ఒక్క తేడాలో ఒక పెద్ద వివాదమే ఉంది. గ్రీకులో మొదటి రూపాన్ని కర్మణిగానూ చదవవచ్చు, తమంత తాము సిద్ధపడ్డట్టుగానూ చదవవచ్చు. ఆ అధ్యాయంలో పౌలు ఉదాహరించిన ఐగుప్తు రాజు ఫరో తనంతట తానే అలా తయారయ్యాడని క్రిసొస్టొమ్ వివరించాడు. తెలుగు పాఠం కూడా అటే మొగ్గింది. ‘సిద్ధపరచబడిన’ అని దిద్దాలనేవారిది వ్యాకరణరీత్యా తప్పు కాదు. అయితే రెండో వచనంలో పౌలు క్రియనే మార్చి, కర్తగా దేవుణ్ణి పెట్టి, ‘ముందుగా’ అనే ఉపసర్గ చేర్చాడు. మొదటిదానిలో ఇవేవీ లేవు. రెండింటినీ ఒకే త్రాసులో పెట్టేవారు ఈ తేడాకు జవాబు చెప్పాలి.

అపొస్తలుల కార్యములు 13:48లో ‘నిర్ణయింపబడినవారందరు’ అన్నచోట ‘ప్రొఒరిజో’ లేదు. బారుతీర్చడం, నియమించడం అనే అర్థమున్న మరో క్రియ ఉంది. దాన్నీ దీన్నీ కలిపి లెక్కవేయకండి.

తలరాత అనకండి. నుదుటిరాత బతుకులో జరిగే ప్రతిదాన్నీ చెబుతుంది. అది దేనికోసమన్న ప్రశ్న అక్కడ రాదు. పౌలు క్రియకు గమ్యం కావాలి: కుమారునితో సారూప్యానికి, కుమారులుగా స్వీకరించడానికి. పైగా తెలుగులో ముహూర్తాన్ని నిర్ణయిస్తాం, ధరను నిర్ణయిస్తాం, మనిషిని నిర్ణయించం. అందుకే ‘వారిని నిర్ణయించెను’ దగ్గర ఆగిపోతే వాక్యం తెగినట్టుంటుంది, ఆ ఖాళీలోకి తలరాత దూరుతుంది. సిద్ధాంతం పేరుగా ‘పూర్వనిర్ణయం’ చాలు. వచనాన్ని ఉటంకించేటప్పుడు మాత్రం ‘సారూప్యము గలవారవుటకు’ అన్న ముక్కను వదలకుండా రాయండి.