తుప్పు పట్టిన పాత అంబాసిడర్ కొనొచ్చా? కొనేముందు కింద దూరి చూడాల్సినవి

మీరు అడిగింది ఇదీ: గుత్తి దగ్గర పల్లెలో 1978 అంబాసిడర్ మార్క్ 3 ఉంది, ఎనిమిదేళ్లుగా కదల్లేదు, ఇంజన్ జామ్ అయింది, డోర్ల కింద తుప్పు కనిపిస్తోంది, 70 వేలు చెబుతున్నారు. కొని బాగుచేయించుకోవచ్చా?

ఇంజన్ సంగతి ముందు పక్కన పెట్టండి. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ చాలా సాదా ఇంజన్. పిస్టన్లు, రింగులు, బేరింగులు ఇప్పటికీ దొరుకుతాయి, సిలిండర్లకు బోరు కొట్టించుకోవచ్చు, మరీ కాకపోతే ఇంకో ఇంజనే తెచ్చి పెట్టుకోవచ్చు. కొనాలా వద్దా అన్నది తేల్చేవి రెండే: బరువు మోసే రేకు ఎంత మిగిలింది, కాగితాలు ఎంత సరిగా ఉన్నాయి. చాలామంది పెయింటు చూసి, సీట్లు చూసి, బానెట్ ఎత్తి చూసి బేరం కుదుర్చుకుంటారు. అసలు చూడాల్సిన చోటికి నడుం వంచి పోరు.

అంబాసిడర్‌కు జీపులాగా కింద విడి చాసిస్ (బరువు మోసే ఇనుప చట్రం) ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. అడుగు రేకు, డోర్ల కింద బోలుగా పొడుగునా పోయే సిల్, పిల్లర్లు, ఇంజన్ వెనక గోడ, అన్నీ కలిపి వెల్డ్ చేసిన ఒకటే పెట్టె అది. పద్మిని కారు కూడా అంతే. ఫెండర్‌కు బొక్క పడితే బండి అందం పోతుంది, సిల్‌కు బొక్క పడితే నడుమే పోతుంది. స్టాండర్డ్ హెరాల్డ్ కారు లెక్క వేరు: బోల్టులు విప్పితే బాడీ ముక్కలుగా ఊడొస్తుంది, కింద చాసిస్ విడిగా ఉంటుంది. అక్కడ ముందు చాసిస్ చూడాలి. అంబాసిడర్‌లో సిల్, అడుగు రేకే చాసిస్.

పోయేటప్పుడు ఇవి తీసుకుపోండి: ఫ్రిజ్‌కు అంటించే బలం తక్కువ అయస్కాంతం, టార్చ్, మొన అరిగిన స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, టేపు, జాకీ, మందపాటి చెక్క ముక్క, కింద పరుచుకోవడానికి అట్టపెట్టె. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తామని యజమానికి ముందే చెప్పి ఒప్పించండి. వద్దంటే అక్కడికే మీకు సగం జవాబు దొరికినట్టు.

అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి డోర్ల కింది భాగం, చక్రాల ఆర్చీలు, సిల్ పొడుగునా జరపండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. సొట్ట తీసి కొంచెం పుట్టీ పెట్టడం తప్పేమీ కాదు. కానీ సిల్ మీద చెయ్యంత పొడుగున అయస్కాంతం జారిపోతే అక్కడ రేకే లేదని, జాలీనో ఫైబరో పెట్టి పైన పుట్టీ మెత్తారని అర్థం. అనుమానం ఉన్నచోట సుత్తితో మెల్లగా తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్నదైతే తడిసిన అట్టను తట్టినట్టు మొద్దుగా పలుకుతుంది.

సిల్ కింది అంచును దగ్గరగా చూడండి. రెండు రేకులు కలిపి వరసగా స్పాట్ వెల్డింగులు కొట్టిన అంచు అది. లోపల తుప్పు లేకపోతే గీత తిన్నగా ఉంటుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి ఆ రెండు రేకులనూ లోపలినుంచి తోస్తుంది. వెల్డింగు చుక్క దగ్గర రేకు అణిగి, చుక్కకూ చుక్కకూ మధ్య ఉబ్బి, బొంత కుట్టు లాగా కనిపిస్తుంది. పైన పెయింటు ఎంత మెరుస్తున్నా ఆ ఉబ్బు కనిపించిందంటే లోపలి రేకు కూడా తినేసిందనే లెక్క. పై రేకు ఒక్కటి మారిస్తే సరిపోదు, లోపలిదీ కోసి వేయాలి. పని రెట్టింపు అవుతుంది.

తర్వాత కిందికి దూరండి. ముందు సస్పెన్షన్ టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కమ్మీలు) వెనక్కు వచ్చి ఫ్లోర్ కింద అడ్డంగా దూలంలా ఉండే మెంబరుకు బిగుస్తాయి. ముందు చక్రాల బరువు మెలిక రూపంలో వచ్చి పడేది అక్కడే. ఆ మెంబరు చుట్టూ, వెనక కమాన్ పట్టీలు వేలాడే బ్రాకెట్ల చుట్టూ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కండి. పొక్కులు రాలి కింద గట్టి రేకు తగిలితే భయం లేదు. స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోతే మాత్రం ఆ బండి వదిలేయడమే నా సలహా. కింద అంతా కొత్తగా నల్ల తారు పెయింటు కొట్టి ఉంటే అది రక్షణ కోసం కొట్టిందో, దాచడానికి కొట్టిందో తెలుసుకోవాలి. రెండు మూడు చోట్ల గీకి చూడనివ్వమనండి.

మన వైపు బండ్లకు ఒక మేలుంది, ఒక కీడుంది. అనంతపురంలో ఏడాదికి 550 మి.మీ. చుట్టుపక్కలే వాన. సముద్రపు ఉప్పుగాలి లేదు. అందుకే నెల్లూరు, మద్రాసు బండ్లతో పోలిస్తే ఇక్కడ టాప్, బానెట్, డోర్ల పై భాగాలు బాగా నిలుస్తాయి. కీడు ఎండతో వస్తుంది. అద్దాల చుట్టూ రబ్బరు బీడింగు ఎండి పగిలిపోతుంది. పడే ఆ నాలుగు వానల నీళ్లూ అద్దం కింది మూలల్లోంచి లోపలికి దిగి, మ్యాట్ కింద నార పట్టలో ఇంకి నెలల తరబడి అక్కడే ఉంటాయి. కాబట్టి ముందు సీట్ల దగ్గర మ్యాట్లు పూర్తిగా ఎత్తి చూడండి. పైన దుమ్ము తప్ప ఏమీ లేని బండికి కూడా కాళ్లు పెట్టే చోట రేకు బిస్కెట్టులా విరగొచ్చు. చక్రాల ఆర్చీల పైన గట్టిపడిన మట్టినీ రాల్చండి. ముఖ్యంగా ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడిలో తిరిగిన బండైతే ఆ మట్టి నీటిని పట్టుకుని వదలదు.

బండి నిలబెట్టిన చోటు కూడా చూడండి. కడప బండలు పరిచిన నేల మీద ఉంటే అదృష్టం. మట్టినేల మీద, చుట్టూ గడ్డి మొలిచి ఉంటే భూమి తేమ ఎనిమిదేళ్లూ అడుగు రేకుకు తగిలినట్టే. గొడ్లచావిడిలో పెట్టి ఉంటే ఇంకా చెడ్డది, గొడ్ల మూత్రంలో ఉప్పులు, అమ్మోనియా ఉంటాయి. డిక్కీలో యూరియా, డీఏపీ బస్తాలు మోశారా అని మాటల్లో అడగండి. ఎరువు రాలిన డిక్కీ అడుగు ముందు స్టెప్నీ ఉండే చోట పోతుంది.

కర్నూలు టౌను బండైతే 2009 అక్టోబరు వరదలో మునిగిందేమో కనుక్కోవాలి. రాజంపేట వైపుదైతే 2021 నవంబరులో చెయ్యేరు వరద. మునిగిన బండిని ఎంత కడిగినా హెడ్‌లైట్ గిన్నెల వెనక, డాష్‌బోర్డు లోపల, డోర్ ప్యాడ్ల వెనక సన్నటి ఒండ్రు గీత మిగులుతుంది. సిల్‌లోకి పోయిన ఒండ్రు బయటికి రాదు, లోపలే తడి పట్టుకుని కూర్చుంటుంది.

ఇప్పుడు జాకీ పరీక్ష. నాలుగు డోర్లూ తెరిచి మూసి, సందులు ఎలా ఉన్నాయో చూసుకోండి. తర్వాత ఒక పక్క జాకీ పాయింటు దగ్గర చెక్క పెట్టి ఆ పక్క చక్రాలు నేలను వదిలేదాకా ఎత్తండి. ఎత్తినప్పుడు బండి కిందికి తల కూడా పెట్టొద్దు. రేకు కరకరమని నలిగి జాకీ లోపలికి దిగితే వెంటనే దించేయండి, ఇక చూడాల్సిన పని లేదు. నిలబడితే ఆ పక్క డోర్లు మళ్లీ తెరిచి మూయండి. ముందు తేలిగ్గా పడిన డోర్ ఇప్పుడు పట్టేస్తుంటే సిల్‌లో బలం లేదు, బండి మధ్యలో కుంగుతోంది. అలాగే తెరిచిన డోర్ చివర పట్టుకుని పైకి లేపండి. హింజ్ పిన్ దగ్గర ఆట ఉంటే చిన్న పని. హింజ్‌తోపాటు పిల్లరే కదులుతుంటే పెద్ద పని.

ఇంజన్‌కు పది నిమిషాలు చాలు. డిప్‌స్టిక్ తీసి చూడండి, ఆయిల్ పాలకాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టు. రేడియేటర్ మూత తీసి చూడండి. మన బోరు నీళ్లు పోసి నడిపిన బండ్లలో తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉంటుంది. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో డీజిల్, ఆయిల్ కలిపి కొంచెం కొంచెం పోసి రెండు రోజులు వదిలితే చాలా ఇంజన్లు తిరుగుతాయి. అంతకుముందే స్టార్టర్ కొట్టనివ్వొద్దు, అంటుకున్న రింగులు విరుగుతాయి. వైరింగు ఎలుకలు కొట్టేసి ఉంటాయి, బ్రేకు సిలిండర్లు జామ్ అయి ఉంటాయి, పెట్రోల్ ట్యాంకులో తుప్పు ఉంటుంది. ఈ మూడూ ఎలాగూ మార్చాల్సినవే, వీటికోసం బండి వదులుకోవద్దు.

కాగితాల దగ్గర మాత్రం కఠినంగా ఉండండి. ఆర్సీ లేని బండికి ఎంత చక్కని బాడీ ఉన్నా అది స్పేర్ పార్టుల కుప్పే. ప్రైవేటు కారు ఆర్సీ మొదటి 15 ఏళ్లకు చెల్లుతుంది, ఆపైన ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. చివరి రెన్యువల్ ఎప్పుడో చూడండి. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే వివరాలు రాకపోతే పాత పుస్తకం ఇంకా ఆన్‌లైన్‌లోకి ఎక్కలేదన్నమాట. బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించేది యజమానే అని, డబ్బు ఇచ్చేముందే ఒప్పందం చేసుకోండి. ఆర్సీలో పేరున్న మనిషి చనిపోయి ఉంటే ముందు ఫారం 31తో బండి వారసుల పేరుకు మారాలి, ఆ తర్వాతే మీ పేరుకు మార్చే ఫారం 29, 30 ముందుకు కదులుతాయి. బళ్లారి వైపునుంచి వచ్చిన కర్ణాటక నంబరు బండైతే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. 15 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో బాగా పెంచారు, 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో ఇంకా పెంచారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇవన్నీ ఆర్టీఓ ఆఫీసులో అడిగి కొనే ధరకు కలుపుకోండి.

వింటేజ్ (పాతకాలపు బండి) కింద రిజిస్ట్రేషన్ చేయించుకుంటానంటే, 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. మీ 1978 బండికి 2028 దాకా ఆగాలి. పైగా ఆ రిజిస్ట్రేషన్ మీద ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోల్ పోయించుకోవడం, రిపేరు లాంటి వాటికే రోడ్డెక్కించాలి. రోజూ తిప్పుకోవాలంటే మామూలు రెన్యువలే దారి.

చాసిస్ నంబరు బాడీ మీద కొట్టిన చోటు వెతికి, వైర్ బ్రష్‌తో మెల్లగా తుడిచి, పైన కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి ఆర్సీతో అంకె అంకె పోల్చండి. అక్కడ గ్రైండర్ అస్సలు పెట్టొద్దు. తుప్పు ఆ నంబరునే తినేసి చదవడానికి రాకపోతే, సిల్లు బంగారంలా ఉన్నా కొనొద్దు.

ఖర్చు అంచనా వేయాలంటే టింకరింగ్ (బాడీ రేకు పని) మేస్త్రీని వెంట తీసుకుపోవాలి. ఆయన్ను మూడు ప్రశ్నలు అడగండి. సిల్ కోసేముందు డోర్ సందుల్లో అడ్డకమ్మీలు వెల్డ్ చేస్తారా? ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క కోస్తారా? ఏ రేకు వేస్తారు? అడ్డకమ్మీలు లేకుండా రెండు పక్కలా కోస్తే బండి మధ్యలో వంగి, ఆ తర్వాత ఏ డోరూ సరిగ్గా పడదు. ఫ్లోరుకు, సిల్లుకు 18 గేజీ, అంటే సుమారు 1.2 మి.మీ. రేకు కావాలి. పై చర్మానికి 20 గేజీ చాలు. వెల్డింగు సీఓటూ (సన్నటి తీగతో చేసేది) అయితే మంచిది. గ్యాస్ వేడికి చదును రేకు మెలికలు తిరుగుతుంది, మామూలు ఆర్క్ ఆ పల్చటి రేకును కాల్చి బొక్కలు పెడుతుంది. తుప్పు మీదే కొత్త రేకు అతికిస్తానన్న మేస్త్రీకి పని ఇవ్వొద్దు. రెండు రేకుల మధ్య తుప్పు అలాగే పెరిగి రెండు మూడు వానలకే బయటపడుతుంది.

దానితోపాటు బండి మీద ఏమేం లేవో రాసుకోండి. గ్రిల్, బంపర్లు, క్రోమ్ పట్టీలు, డోర్ హ్యాండిళ్లు, లైటు రిమ్ములు, మీటర్లు, అద్దాలు. రేకు ఎక్కడైనా వంచుకోవచ్చు కానీ మార్క్ 3 గ్రిల్‌ను వంచలేం. వాటికోసం చెన్నై పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్ తిరగాలి. తుప్పు కొంచెం ఎక్కువున్నా వస్తువులన్నీ ఉన్న బండి, వస్తువులు లేని శుభ్రమైన బండికంటే చాలాసార్లు చవగ్గా తేలుతుంది.

మీ బండికి నా లెక్క ఇదీ. ఫ్లోర్ అతుకులు, డోర్ల అడుగు, డిక్కీ, ఒక పక్క సిల్ పై రేకు వరకైతే కొనండి. రెండు సిల్లూ లోపలిదాకా పోయి పిల్లర్ల మొదలు కూడా మెత్తబడి ఉంటే, ఇంకో బండికి స్పేర్లకోసం తప్ప వద్దు. బేరం 70 వేల దగ్గర మొదలు పెట్టకండి. పాత ఇనుము వ్యాపారి ఆ రోజు కిలోకు ఎంతిస్తాడో కనుక్కోండి. బండి బరువు సుమారు 1100 కిలోలు. ఆ రెండూ గుణిస్తే వచ్చేది, ఇంకెవరూ కొనకపోయినా యజమానికి దక్కే ధర. అక్కడ మొదలుపెట్టి, ఆర్సీ సరిగ్గా ఉన్నందుకు కొంత, వస్తువులన్నీ ఉన్నందుకు కొంత పైకి రండి. ఒక్కో సిల్‌కు మేస్త్రీ చెప్పిన కూలి అందులోంచి తీసేయండి.

బేరం కుదిరితే తాడు కట్టి లాక్కురావద్దు, జామ్ అయిన బ్రేకులతో చక్రాలు తిరగవు. డ్రమ్ములు విప్పి షూలు వదులు చేసి, వెనక యాక్సిల్‌కూ ముందు సస్పెన్షన్‌కూ బెల్టులు వేసి, బండిని లారీ మీదే ఎక్కించండి. బంపర్లకు బెల్టు తగిలించొద్దు, వాటిని పట్టుకున్న బ్రాకెట్లు తుప్పు పట్టి ఉంటాయి.